కోర్టుకి పావు, బ్యాంకుకి సగం, వడ్డీ వ్యాపారికి మొత్తం

అప్పు ఎగ్గొట్టినవాడి జీతంలోంచి నెలకి ఎంత పట్టుకోవచ్చు? మా డేరాలో ఏ మెస్సులో కూర్చుని అడిగినా "మొత్తం పట్టుకోవాలి, లేకపోతే లోపల వెయ్యాలి" అన్న జవాబే ముందొస్తుంది. చెప్పేవాడి పేరు మీద రెండు క్రెడిట్ కార్డులూ ఒక పర్సనల్ లోనూ ఉన్నా సరే, జవాబు మాత్రం అదే! "రోట్లో తల పెట్టి రోకటి పోటుకి వెరవనేల" అని ఒక సామెత కూడా తగిలిస్తారు. రోకలి ఎవరి చేతిలో ఉంది, ఎన్ని పోట్లు వెయ్యొచ్చు అని ఏమైనా లెక్క ఉందా అంటే మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈ టపా ఆ లెక్క గురించి.

నేను జీతాల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే కన్సల్టెంటుని. అంచేత ఈ సంగతి నాకు నీతిసూత్రంగా కాక ఒక పట్టికగా పరిచయం. అమెరికా కంపెనీకి జీతాల ప్రోగ్రాం పెట్టేటప్పుడు "కోర్టు జప్తు" అని ఒక భాగం ఉంటుంది. అందులో రాష్ట్రానికో వరస. ఒకే మనిషి, ఒకే అప్పు, ఒకే జీతం. రాష్ట్రం పేరు మారిస్తే చాలు, కోత మారిపోతుంది. అక్కడున్న మనవాళ్ళలో కూడా చాలామందికి ఇది తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అమెరికాలో 1968లో వచ్చిన కేంద్ర చట్టం ఒక గీత గీసింది. మామూలు అప్పుకి కోర్టు జీతాన్ని జప్తు చేస్తే, పన్నులవీ పోగా చేతికొచ్చే దాంట్లో 25 శాతం, లేదా వారానికి 217.50 డాలర్ల పైన ఉన్న మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతే పట్టుకోవాలి. ఆ 217.50 ఎక్కడ్నించి వచ్చిందంటే, 2009 నుంచి మారని కేంద్ర కనీస వేతనం గంటకి 7.25 డాలర్లని 30తో గుణిస్తే వచ్చింది. ఒక్క అప్పుకి జీతం జప్తయిందన్న కారణంతో ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని కూడా అదే చట్టం చెప్తుంది. ఇది అందరికీ వర్తించే గీత. రాష్ట్రాలు దీనికన్నా ఎక్కువ కాపాడొచ్చు, తక్కువ కాపాడటానికి వీల్లేదు.

ఇప్పుడు వరసలు చూడండి. మనవాళ్ళు కాలనీలకి కాలనీలే కట్టుకున్న టెక్సస్‌లో మామూలు అప్పుకి జీతం జప్తు సున్నా. ఆ మాట ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుంది. పెన్సిల్వేనియా, నార్త్ కరొలైనా, సౌత్ కరొలైనాలలో కూడా క్రెడిట్ కార్డు బాకీలాంటి వాటికి దాదాపు అంతే. న్యూయార్క్‌లో మొత్తం జీతంలో 10 శాతం దాటకూడదు. ఇల్లినాయిలో 15 శాతం. ఫ్లారిడాలో కుటుంబాన్ని పోషించేవాడికి వారానికి 750 డాలర్ల దాకా పూర్తి రక్షణ. కాలిఫోర్నియా 2023 సెప్టెంబరు 1 నుంచి తన పరిమితిని 25 శాతం నుంచి 20కి దించింది. పిల్లల భరణం, పన్నులు, ప్రభుత్వ విద్యార్థి రుణాలు వీటన్నిటికీ వేరే లెక్క. అవి టెక్సస్‌లో కూడా కోస్తారు.

దీంట్లోంచి ఒక సంగతి ముందే పక్కన పెట్టుకోండి. "జీతం మీద చెయ్యి వెయ్యనివ్వకపోతే అప్పెవరిస్తారండీ?" అని అడిగేవాళ్ళకి టెక్సస్ జవాబు. అక్కడ బ్యాంకులు మూతపడలేదు, క్రెడిట్ కార్డులు ఆగలేదు, ఇళ్ళ లోన్లు ఆగలేదు. జీతాన్ని ముట్టుకోవడానికి వీల్లేదని తెలిసే ఇస్తున్నారు. ఇచ్చేముందు కాస్త ఎక్కువ ఆలోచించి ఇస్తారేమో, ఆలోచించనీండి. అది వాళ్ళ వృత్తి.

ఇక మనం ఉంటున్న దేశం. ఇక్కడి కార్మిక చట్టం కోర్టు తీర్పు మీద వచ్చిన అప్పుకి జీతంలో పావు భాగానికి మించి కొయ్యకూడదంటుంది. భరణం బాకీకి మినహాయింపు. ఈ పావు వంతు నియమం 1980 నాటి 8వ నంబరు చట్టంలోనే ఉంది. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన 2021 నాటి 33వ నంబరు చట్టంలో 25వ అధికరణం కింద కొనసాగింది. యజమాని ఇచ్చిన అప్పయితే పనివాడు రాసిచ్చిన ఒప్పుకోలుతో, వడ్డీ లేకుండా, చట్టం పెట్టిన నెలవారీ పరిమితి దాకా. రకరకాల కోతలు కలిసి ఎన్ని కారణాలున్నా జీతంలో సగం దాటడానికి వీల్లేదు.

చదవడానికి బావుంది కదా! ఇప్పుడు ఇంకో కాగితం చూద్దాం. 2011లో ఇక్కడి సెంట్రల్ బ్యాంకు వ్యక్తిగత రుణాల మీద నియమాలు పెట్టింది. జీతానికి 20 రెట్ల వరకే లోను, 48 నెలల్లో తీర్చాలి, కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. అంతకుముందు అడిగినవాడికి అడిగినంత ఇచ్చిన రోజులతో పోలిస్తే ఇది మంచిదే. కాదనను. కానీ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టండి. 6,000 దిర్హాముల జీతగాడు ఉన్నాడనుకోండి. జడ్జి ముందు నిలబడి, వాదన జరిగి, తీర్పు వచ్చాక కోర్టు పట్టుకోగలిగింది 1,500. ఏ జడ్జీ లేకుండా, మాల్‌లో బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడు చూపించినచోటల్లా పెట్టిన సంతకాలతో బ్యాంకు పట్టుకోగలిగింది 3,000. కోర్టుకి లేని అధికారం సంతకానికి ఉంది. అదీ రెట్టింపు!

నా గొడవంతా ఇక్కడే. మనిషి బతకడానికి జీతంలో ఇంత మిగలాలి అని చట్టం ఒక లెక్క కట్టింది. ఆ లెక్క నిజమైతే, డబ్బు ఎవరు పట్టుకెళ్తున్నా నిజం కావాలి. కోర్టు పట్టుకెళ్తే ముప్పావు మిగలాలి, బ్యాంకు పట్టుకెళ్తే సగం మిగిలితే చాలు అంటే, ఆ మనిషి పొట్ట నెలకో సైజులో ఉంటుందా?

"అతను ఇష్టపడే సంతకం పెట్టాడు కదా" అంటారు. ఈ వాదనకి జవాబు దుబాయ్‌లో కాదు, మన పాత సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. 1908 నాటి ఆ కోడ్‌లోని 60వ సెక్షను ఏవి జప్తు చెయ్యకూడదో చెప్తుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ తీసెయ్యకూడని నగలు, అంటే మంగళసూత్రం. చేతిపనివాడి పనిముట్లు. రైతు నాగలి, పశువులు, విత్తనాల ధాన్యం. రైతో కూలీవాడో కాపురముంటున్న సొంత ఇల్లు. కూలీల వేతనం, ఇంటిపనివాళ్ళ వేతనం పూర్తిగా. ఇంతా చెప్పి, ఈ రక్షణలు నాకొద్దు అని మనిషి రాసిచ్చినా ఆ ఒప్పందం చెల్లదు అని కూడా చెప్పింది. ఎందుకు చెల్లదు? అవసరంలో ఉన్నవాడు దేనికైనా సంతకం పెడతాడని ఆ చట్టం రాసినవాళ్ళకి తెలుసు కాబట్టి. మంగళసూత్రం తాకట్టు పెట్టుకుంటే వేరే సంగతి, కానీ అమీనా వచ్చి లాక్కోడానికి వీల్లేదు, ముందే రాసిచ్చినా సరే. ఆ ఇంగితం జీతం పడే బ్యాంకు ఖాతాకి ఎందుకుండకూడదు?

ఖాతా అన్నాను కాబట్టి, అసలు కంత అదే. ఇక్కడ లోను తీసుకునేటప్పుడు కంపెనీ నుంచి ఒక ఉత్తరం ఇప్పిస్తారు. జీతం ఈ ఖాతాలోనే వేస్తాం, ఉద్యోగం వదిలితే చివరి లెక్క కూడా ఇందులోనే వేస్తాం అని. ఉద్యోగం పోయిన రోజున ఆ చివరి జీతం, సంవత్సరాల తరబడి పోగైన గ్రాట్యుటీ (మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాత 30 రోజులు) వచ్చి ఖాతాలో పడతాయి. పడగానే ఖాతా స్తంభించిపోతుంది. పావు లేదు, సగం లేదు. సరిగ్గా ఆ మనిషికి డబ్బు అత్యవసరమైన నెలలో, అద్దెకీ టిక్కెట్టుకీ కూడా లేకుండా మొత్తం! జీతంగా ఉన్నంతసేపూ ముట్టుకోకూడని డబ్బు, ఖాతాలో పడ్డ క్షణాన మామూలు డబ్బయిపోతుంది. ఇది దుబాయ్ జబ్బు మాత్రమే కాదు. పైన పొగిడిన టెక్సస్‌లో కూడా కంపెనీ చేతిలో ఉన్న జీతానికే రక్షణ, బ్యాంకులో పడ్డాక ఆ ఖాతాని జప్తు చెయ్యొచ్చు. మా భాషలో చెప్పాలంటే, తనిఖీ ఒక మాడ్యూల్లో రాసి పక్క తలుపు తెరిచి వదిలేశారు. ఇలాంటి ప్రోగ్రాం రాసిన కుర్రాణ్ణి మేం టీంలో ఉంచుకోం. చట్టాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుంటున్నాం.

ఆ తర్వాత ప్రయాణ నిషేధం. పదివేల దిర్హాముల బాకీ ఉంటే చాలు, అప్పిచ్చినవాడు కోర్టుని అడిగి దేశం దాటకుండా ఆపించొచ్చు. ఉద్యోగం పోయింది, వీసా రద్దయ్యింది, ఇక్కడ పని చేసుకోవడానికి వీల్లేదు, బయటికెళ్ళి సంపాదించడానికీ వీల్లేదు. కొట్టుకి తాళం వేసి, మనిషిని లోపల పెట్టి, అమ్ముకుని బాకీ కట్టమన్నట్టు లేదూ? 2008-09 మాంద్యంలో ఎయిర్‌పోర్టు పార్కింగులో కార్లు వదిలేసి వెళ్ళినవాళ్ళ కథలు చెప్పుకుని నవ్వుకున్నాం. అప్పట్లో చెక్కు చెల్లకపోతే జైలు. లోనుకి హామీగా చెక్కు తీసుకోవడం మామూలు. కాబట్టి ఉద్యోగం పోయినవాడి ముందున్న దారులు రెండే, విమానం లేదా జైలు. ఏది ఎంచుకున్నా అప్పిచ్చినవాడికి పైసా రాదు. ఈ సంగతి ఇక్కడి ప్రభుత్వానికీ అర్థమైంది. 2019లో వ్యక్తుల దివాలాకి చట్టం తెచ్చింది. 2022 జనవరి 2 నుంచి, ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే అది నేరం కాకుండా చేసి, నేరుగా అమలు కోర్టుకి వెళ్ళే దారి పెట్టింది. మోసానికి శిక్ష అలాగే ఉంది. మన ఇండియాలో ఇప్పటికీ 138వ సెక్షను కింద చెక్కు బౌన్సుకి రెండేళ్ళ దాకా జైలు ఉంది. "అరబ్బు చట్టాలు కఠినం" అని మాట్లాడే ముందు ఇది ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు ఊరికి తిరిగి వెళ్ళినవాళ్ళ సంగతి. 2020 జనవరి 17న భారత ప్రభుత్వం సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షను కింద యుఏఈని పరస్పర అమలు దేశంగా ప్రకటించింది. రెండు దేశాల మధ్య ఒప్పందం 1999లోనే కుదిరినా ఈ ప్రకటనకి ఇరవై ఏళ్ళు పట్టింది. దాంతో దుబాయ్ కోర్టు ఇచ్చిన డబ్బు డిక్రీని కరీంనగర్ జిల్లా కోర్టులోనో కాకినాడ జిల్లా కోర్టులోనో, ఆ కోర్టే ఇచ్చిన డిక్రీలాగా అమలు చేయించుకోవచ్చు. జరిమానాలు, పన్నులు ఇందులోకి రావు. ఈ వార్త వచ్చినప్పుడు మన వాట్సాప్ గుంపుల్లో పండగ చేసుకున్నారు, "ఇంక పారిపోయేది ఎక్కడికిరా" అని. పండగ చేసుకున్నవాళ్ళలో ఎంతమంది రెండో సగం చదివారు?

రెండో సగం ఇదీ. ఇండియా కోర్టు డిక్రీలాగా అమలు చెయ్యాలంటే, ఇండియా రక్షణలు కూడా దాని వెంటే వస్తాయి. హైదరాబాదులో నెలకి 61,000 జీతమనుకోండి. మొదటి 1,000, మిగతా 60,000లో మూడింట రెండొంతులు 40,000, మొత్తం 41,000 ముట్టుకోకూడదు. జప్తు చెయ్యగలిగింది 20,000. అదీ ఒక డిక్రీ కింద అన్నీ కలిపి 24 నెలలే. ఆ తర్వాత అదే డిక్రీకి ఆ జీతం మళ్ళీ ముట్టుకోవడానికి వీల్లేదు. దుబాయ్‌లో తాపీపని చేసి వచ్చి ఇక్కడ కూడా అదే పని చేసుకునేవాడి కూలీలో ఒక్క రూపాయి కూడా జప్తు కాదు. కొడుకు అప్పుకి తండ్రి పేరు మీదున్న పొలం జప్తు కాదు, తండ్రి హామీ సంతకం పెడితే తప్ప. భార్య బాధ్యురాలు కాదు. మనిషి చనిపోతే వారసులకి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. తీర్పు విచారణ లేకుండా వచ్చిందనో, తనకి చెప్పుకునే అవకాశమే ఇవ్వలేదనో చూపిస్తే 13వ సెక్షను కింద అమలునే అడ్డుకోవచ్చు. కట్టలేని పేదరికానికి జైల్లో పెట్టడం తప్పని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిచ్చారు. డబ్బుండి కావాలని ఎగ్గొట్టేవాడు వేరు, లేక కట్టలేనివాడు వేరు అని.

వసూలు ఏజెంట్లు ఫోన్ చేసినప్పుడు ఇందులో ఒక్క ముక్కయినా చెప్తారా? "మీ అబ్బాయి మీద కేసుంది, ఇల్లు జప్తు చేస్తాం" అని ముసలి తల్లికి చెప్తారు. ఆమె పుస్తెలమ్మి కడుతుంది. కోర్టు కూడా ముట్టుకోకూడని వస్తువుని ఒక ఫోన్ కాల్ అమ్మించేస్తుంది!

ఇంతవరకూ చెప్పిందంతా బ్యాంకు గుమ్మం ఎక్కగలిగినవాళ్ళ గురించి. డేరా నుంచి సోనాపూర్ వైపు బస్సెక్కి వెళ్ళేవాళ్ళలో చాలామందికి బ్యాంకు లోనే ఇవ్వదు. వాళ్ళ అప్పు ఊళ్ళోనే ఉంది, వీసా కోసం ఏజెంటుకి కట్టడానికి చేసింది. ఇక్కడి 2021 చట్టం ఆరో అధికరణం ప్రకారం పనిలోకి తెచ్చుకునే ఖర్చు యజమానిదే, పనివాడి దగ్గర వసూలు చెయ్యకూడదు. మన దేశంలో లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి తీసుకున్నదంతా చట్టవిరుద్ధం. ఒకడు రెండు లక్షలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టాడనుకుందాం. నెలకి 6,000 మిత్తే. 1,200 దిర్హాముల జీతగాడికి, దిర్హాము 23 రూపాయలనుకుంటే, నెలకి 27,600. అంటే అసలు ఒక్క రూపాయి తగ్గకుండా ఐదో వంతు పైన పోయింది. తిండి ఖర్చు తీసేస్తే మిగిలిందంతా పోయినట్టే. ఈ జప్తుకి ఏ కోర్టూ ఉత్తర్వివ్వలేదు. కాబట్టి ఏ పరిమితీ లేదు. సుప్రీంకోర్టులో సవాలు చెయ్యడానికి అసలు కాగితమే లేదు. ఇంటిముందు వచ్చి కూర్చునే మనిషి మాత్రం ఉన్నాడు.

నేను అప్పులు ఎగ్గొట్టమనడం లేదు. తీసుకున్నది తీర్చాలి. వ్యాపారం పేరుతో నాలుగు బ్యాంకుల్లో లోన్లు తీసుకుని ప్లాన్ ప్రకారం విమానమెక్కిన బాబులు ఉన్నారు, వాళ్ళ మీద నాకు జాలి లేదు. మోసం చేసినవాణ్ణి మోసగాడిగా శిక్షించండి. కానీ వాణ్ణి చూపించి ఉద్యోగం పోయినవాణ్ణి కొట్టడం ఏం న్యాయం? పైగా బ్యాంకు ఈ లోన్లకి ఎక్కువ వడ్డీ ఎందుకు తీసుకుంటోంది? కొందరు తీర్చలేరు అన్న నష్టభయానికి. ఆ భయానికి నెలనెలా ధర వసూలు చేసుకుని, నష్టం మాత్రం ఒక్క దిర్హాము కూడా భరించనంటే అది వ్యాపారం కాదు.

కాబట్టి నేను అడిగేవి నాలుగు. ఒకటి, జీతంలో ముట్టుకోకూడని భాగం బ్యాంకు ఖాతాలో పడ్డాక కూడా ముట్టుకోకూడనిదిగానే ఉండాలి, గ్రాట్యుటీతో సహా. ఇది సాఫ్ట్‌వేర్లో కష్టం కాదు. 2009 నుంచి ఇక్కడ జీతాలు వేజ్ ప్రొటెక్షన్ సిస్టం ద్వారానే వెళ్తున్నాయి, ఏది జీతమో ప్రతి లావాదేవీకీ తెలుసు. రెండు, ఉద్యోగం లేనివాడికి కంతులు ఆపాలి, ప్రయాణ నిషేధం బదులు వాయిదా ఒప్పందం ఇవ్వాలి. మూడు, మన 60వ సెక్షనులోని ఆ "మొదటి వెయ్యి రూపాయలు" 2002 జులై నుంచి కదల్లేదు. అంతకుముందు 400 ఉండేది. ఇవాళ వెయ్యికి గ్యాస్ బండ వచ్చి నాలుగు కూరగాయలొస్తాయి. దాన్ని ధరలతో ముడిపెట్టాలి. నాలుగు, గల్ఫ్ సంక్షేమం గురించి ఎన్నికల ముందు మాట్లాడే రెండు తెలుగు ప్రభుత్వాలూ విదేశీ డిక్రీ వచ్చినవాడికి జిల్లా కోర్టులో వకీలుని ఇప్పించాలి. ఉచిత న్యాయసహాయానికి ప్రతి జిల్లాలో సంస్థ ఉండనే ఉంది. ఈ పని దానికి అప్పగిస్తే చాలు.

ఇవి జరిగేదాకా చేతిలో ఉన్నవి చెయ్యండి. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. అన్నదమ్ములని హామీదార్లుగా పెట్టకండి. కోర్టు నోటీసొస్తే దాక్కోకుండా జవాబివ్వండి, ఏకపక్ష తీర్పు కన్నా వాయిదాలు నయం. వసూలు ఏజెంటు ఇంటికి ఫోన్ చేస్తే "డిక్రీ నంబరు చెప్పండి, ఏ జిల్లా కోర్టులో వేశారో చెప్పండి" అని అడగమని అమ్మకి ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఈ రెండు ప్రశ్నలూ ఇంగ్లీషు రాకపోయినా అడగొచ్చు. అన్నిటికన్నా ముందు, ఈసారి మెస్సులో ఎవరైనా "మొత్తం పట్టుకోవాలి" అంటే, వాడి ప్లేటు కాస్త ఇటు లాగి, పావు వంతు ఎంతో సగం ఎంతో చూపించండి. అప్పుడు మళ్ళీ అడగండి, ఎంత పట్టుకోవచ్చో!